నాలుగో అంతస్తులో మరిచిన మనవి

మా ఆఫీసులో దేవుడికి బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా అపాయింట్‌మెంట్ ఉండేది. నాలుగో అంతస్తులో, లిఫ్టుకు దూరంగా మూలనున్న మీటింగ్ రూమ్‌లో. రూమ్ కావాలంటే సిస్టంలో బుక్ చేసుకోవాలి. బుక్ చేయాలంటే దేనికోసమో రాయాలి. ప్రార్థన అని రాస్తే హెచ్ఆర్ వాళ్లు పిలిచి ప్రశ్నలు వేస్తారని భయపడి ‘వీక్లీ స్టేటస్ రివ్యూ’ అని రాసేవాళ్లం. వారానికోసారి మా స్థితిగతులు పైవాడికి నివేదించుకోవడమే కదా, ఇందులో అబద్ధమేముందని మాలో మేమే సర్దిచెప్పుకున్నాం. అలా ఒక అబద్ధాన్ని తలుపు దగ్గర కాపలా కూర్చోబెట్టి, లోపల సత్యం కోసం ప్రార్థించేవాళ్లం.

మొత్తం ఆరుగురం. మాకు పెద్ద ఒక మలయాళీ ప్రాజెక్ట్ మేనేజర్. హైదరాబాద్ వచ్చి చాలా ఏళ్లయినా ఆయనకు తెలుగు సగమే వచ్చు. రాని సగాన్ని ఆమెన్‌లతో నింపేవారు. నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి అక్కడ టెస్టింగ్‌లో పనిచేసేదాన్ని. పక్కవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆదివారాలు కూడా ఆ అలవాటు వదిలేది కాదు.

మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉండేది. రక్షణలోకి, అంటే క్రీస్తు విశ్వాసంలోకి, రావలసిన ఐదుగురి పేర్లు కాగితం మీద రాసి బైబిల్లో పెట్టుకోవాలి, రోజూ వాళ్ల కోసం ప్రార్థించాలి. నా కాగితంలో మొదటి పేరు నా పక్క సీటు అమ్మాయిది. నంద్యాల వైపు మనిషి. నెమ్మదస్తురాలు. భర్త కోకాపేటలో ప్లాట్లు అమ్మేవాడు. రాష్ట్రం విడిపోవడం గురించి ఢిల్లీలో ఎవరు ఏ ప్రకటన చేసినా ఆయన ఫోను వారం రోజులు మూగబోయేది. రెండేళ్లపాటు ఆ అమ్మాయి మీద నేను చేయని ప్రయత్నం లేదు. బైబిల్ వాక్యం ఉన్న స్టిక్కర్ ఇచ్చాను. వాక్యాల క్యాలెండర్ ఇచ్చాను. క్రిస్మస్ కేకు డబ్బాలో కరపత్రం మడిచి పెట్టాను. అన్నీ తీసుకునేది, "బాగుందక్కా" అనేది. క్యాలెండర్ వంటింట్లో తగిలించి, గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీల చుట్టూ సున్నాలు చుట్టుకుంటున్నానని చాలా సంతోషంగా చెప్పింది.

ఆమె కూడా ఊరుకోలేదు. వినాయక చవితి మర్నాడు ఉండ్రాళ్లు తెచ్చేది. విగ్రహానికి పెట్టినవి మేం తినం. ఆ మాట మొహం మీద చెప్పే ధైర్యం నాకు లేదు. "భోజనం అయ్యాక తింటాలే" అని టిష్యూలో చుట్టి సొరుగులో పెట్టేదాన్ని. సాయంత్రం ఆమె వెళ్లాక డస్ట్‌బిన్‌లో వేసేదాన్ని. విశ్వాసం గురించి ధైర్యంగా సాక్ష్యమివ్వాలని ఆమెకు కరపత్రాలు పంచుతూ, తినను అనే ఒక్క ముక్క చెప్పలేకపోయాను. ఆమెకు ఏమీ తెలియదనే అనుకున్నాను.

అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. వారంలో ఒక రోజు బంద్, ఒక రోజు రైల్ రోకో. ఆఫీసు క్యాబు వస్తుందో రాదో ఉదయం ఎస్సెమ్మెస్ వస్తేగాని తెలిసేది కాదు. క్యాంటీన్‌లో కూడా టేబుళ్లు జిల్లాలవారీగా విడిపోయాయి. మా ప్రార్థన గుంపులో మాత్రం అంతా క్రీస్తునందు ఒక్కటే అనుకునేవాళ్లం. ఆ గుంపులో నాకు అందరికన్నా దగ్గరైన స్నేహితురాలు వరంగల్ అమ్మాయి. వాళ్ల నాన్న బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. నా క్యారియర్‌లో సగం తను తినేది, తన డబ్బాలో సగం నేను తినేదాన్ని. రాష్ట్రం సంగతి మా మధ్య ఎప్పుడూ వచ్చేది కాదు. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు రాలేదు అంతే. కళ్లు మూసుకున్నాక వచ్చింది.

ప్రార్థనలో ఒక సౌకర్యం ఉంది. ఒకరు ప్రార్థిస్తుండగా ఇంకొకరు అడ్డు రాకూడదు. మనిషి మొహం మీద అనలేని మాటను దేవుడితో అన్నట్టుగా అనేయవచ్చు. ఎదుటివాళ్లు జవాబివ్వాలంటే మన ఆమెన్ దాకా ఓపిక పట్టాల్సిందే. మొదట తను మొదలుపెట్టింది. "దేవా, బానిసతనంల ఉన్న నీ జనాన్ని సముద్రం చీల్చి దాటించినవ్. మా మొర గూడ జర ఆలకించు తండ్రీ" అంది. ఏ జనమో, ఏ బానిసతనమో చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను వెంటనే అందుకున్నాను. "ప్రభువా, ఒకే తండ్రి బిడ్డల్ని విడదీసేవాళ్ల మనసులు మార్చండి" అన్నాను. మేనేజర్‌గారు ఇద్దరికీ ఒకే ఊపుతో ఆమెన్ అన్నారు. కళ్లు తెరిచాక ఇద్దరం నవ్వుకుని, ప్రైజ్ ద లార్డ్ చెప్పుకుని, కలిసి భోజనానికి వెళ్లాం. తర్వాత ప్రతి బుధవారం అదే వరస.

నిజం చెప్పాలంటే నాకు భయంగా ఉండేది. హఫీజ్‌పేటలో అప్పుచేసి ఫ్లాటు కొనుక్కున్నాం. రేపు ఎవరైనా వచ్చి మీ ఊరు వెళ్లండి అంటే ఎక్కడికి వెళ్లాలి? తనకూ బాధ ఉండేది. తమ్ముడు యూనివర్సిటీలో ఉండేవాడు, లాఠీ దెబ్బ తగిలి చెయ్యి విరిగింది. ఆ భయం నేను తనతో చెప్పుకోలేదు. ఆ బాధ తను నాతో చెప్పుకోలేదు. ఇద్దరం దేవుడి మీదుగా విసురుకున్నాం.

అలాంటి రోజుల్లో ఒక మంగళవారం నా పక్క సీటు అమ్మాయి కుర్చీ నా వైపు తిప్పింది. "అక్కా, మాయమ్మకు కడుపులో గడ్డ ఉందంట. బేస్తవారం ఆపరేషన్. అది మంచిదో చెడ్డదో తీసినాకగానీ తెలీదంట. మీ ప్రార్థనకు నేను కూడా రావచ్చా?"

ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నాకు జాలి వేసింది. జాలితోపాటు, దాచడమెందుకు, సంతోషం కూడా వేసింది. రెండేళ్ల కరపత్రాలు ఫలించాయి! ఆ రాత్రి నా కాగితంలో ఆమె పేరు పక్కన చిన్న నక్షత్రం గీశాను.

బుధవారం ఆమెను వెంటబెట్టుకుని పెళ్లికూతురి తల్లిలా ఆ రూమ్‌లోకి వెళ్లాను. మేనేజర్‌గారు అలవాటు ప్రకారం, "మనవులు ఏమున్నాయి?" అని అడిగారు. ఆమె తల్లి సంగతి చెప్పింది. అందరం "తప్పకుండా, తప్పకుండా" అన్నాం. కళ్లు మూసుకున్నాం.

మర్నాడు బంద్ అని ఆ ఉదయమే ప్రకటించారు. వరంగల్ అమ్మాయి మామూలుగానే మొదలుపెట్టి మెల్లగా సముద్రం దగ్గరికి వచ్చింది. ఆమెన్. నేను పక్క సీటు అమ్మాయి తల్లి గురించి అడగాలనే నోరు తెరిచాను. ముందు ఆ సముద్రానికి ఒక్క జవాబు చెప్పి తర్వాత అడుగుదామనుకున్నాను. "ప్రభువా, ఒక బిడ్డ కోసం ఇద్దరు తల్లులు రాజు ముందు తగువాడిన సంగతి మీకు తెలుసు. బిడ్డను రెండు ముక్కలు చేయమన్నది అసలు తల్లి కాదని మీరే చూపించారు" అన్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది. నేను ఆమెన్ అన్నానో లేదో, తను అందుకుంది. "అవు ప్రభువా, రాత్రిపూట పరాయి బిడ్డను పక్కల నుంచి ఎత్తుకపోయినోళ్లు ఎవరో గూడ నీకు ఎరుకే!" ఇంకో ఇద్దరు చెరొక పక్షం చేరారు. ఆమెన్‌లు గట్టిపడ్డాయి. ఇంతలో గాజు తలుపు మీద టకటకమని చప్పుడు. ఒకటిన్నరకు రూమ్ బుక్ చేసుకున్న టీమ్ లాప్‌టాప్‌లు పట్టుకుని బయట నిలబడి ఉంది. మేనేజర్‌గారు గబగబా, "ఈ భోజనం కోసం స్తోత్రం, ఆమెన్" అని ముగించారు.

నేను కళ్లు తెరిచేసరికి పక్క సీటు అమ్మాయి మమ్మల్నే చూస్తోంది. కళ్లు మూసుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. "వస్తానక్కా, ఆస్పత్రికి పోవాల" అని బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

నాలుగింటికి ఖాళీ కుర్చీ చూసినప్పుడుగాని నాకు గుర్తు రాలేదు. నాలుక కరుచుకున్నాను. పర్వాలేదు, ఇంటికెళ్లి మోకరించి అడుగుదామనుకున్నాను. ఇంటికెళ్తే టీవీలో చర్చ నడుస్తోంది. ఒకడు మా ఊళ్లవాళ్లందరినీ కలిపి తిడుతున్నాడు. దానికి టీవీతోనే జవాబులు చెప్పి, తిని, పడుకున్నాను.

గురువారం బంద్. అందరం ఇళ్లలోనే ఉన్నాం. మధ్యాహ్నం నేనే ఆమెకు ఫోన్ చేశాను. ఆపరేషన్ అయింది, గడ్డను పరీక్షకు పంపారని చెప్పింది. తర్వాత, "నిన్న మాయమ్మ గురించి అడిగినారు కదక్కా?" అంది.

"అయ్యో, అడక్కుండా ఎలా ఉంటాం! నువ్వు వెళ్లాక ఆరుగురం మళ్లీ కూర్చుని కన్నీళ్లతో అడిగాం" అన్నాను. అడిగామని ఊరుకున్నా సరిపోయేది. కన్నీళ్లు నా సొంత చేర్పు. "సరేలేక్కా" అని పెట్టేసింది.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. గడ్డ చెడ్డది కాదట. నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది. ఆదివారం మా సంఘంలో దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయం రాగానే ఆగలేకపోయాను. శేరిలింగంపల్లిలో ఒక సిమెంటు దుకాణం మీద ఉండేది మా చర్చి. లేచి నిలబడి, ఒక అన్య సహోదరి మా దగ్గరికి ఎలా వచ్చిందో, మేం ఎలా భారంతో ప్రార్థించామో, గడ్డ ఎలా మంచిదిగా మారిపోయిందో చెప్పాను. ఇక్కడ కూడా కన్నీళ్లు వాడుకున్నాను. హల్లెలూయలకు కింద దుకాణంలో సిమెంటు కూడా గడ్డకట్టి ఉంటుంది. పాస్టర్‌గారు చేతులెత్తి స్తుతించి, "అమ్మా, వచ్చే ఆదివారం ఆ బిడ్డనే తీసుకురండి. ఆమె నోటితోనే విందాం" అన్నారు.

బుధవారం ఆమె సెలవు ముగించుకుని వచ్చింది. పాస్టర్‌గారి మాట ఎలా అడగాలా అని నేను కూడగట్టుకుంటుండగానే, బ్యాగులోంచి రెండు డబ్బాలు తీసింది. పెద్దది అందరికీ పంచమని టీమ్ లీడ్ టేబుల్ మీద పెట్టింది. చిన్నది నా ముందు పెట్టింది. అందులో రెండు ఓళిగలు. మేం బొబ్బట్లంటాం.

"ఇవి పూజలో పెట్టకముందే తీసి పక్కన పెట్టినానక్కా. మీరు తినొచ్చు."

నాకు చెవుల దాకా వేడెక్కింది. అంటే టిష్యూలో చుట్టిన ఉండ్రాళ్లన్నీ ఆమెకు తెలుసు. రెండేళ్లూ ఒక్క మాట అనలేదు. అనకుండా, ఈసారి నా కోసం వేరే డబ్బా సర్దుకుని వచ్చింది. ఆ డబ్బా ముందు కూర్చుని ఇక ఆమెను సాక్ష్యానికి రమ్మని అడగలేకపోయాను. "ఆ రోజు మేం మీ అమ్మ కోసం ప్రార్థించలేదు. నీకు అబద్ధం చెప్పాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"తెలుసులేక్కా" అంది.

ఎలా తెలుసో కూడా చెప్పింది. బంద్ రోజు పొద్దున్నే వరంగల్ అమ్మాయి ఆస్పత్రికి వచ్చిందట, ఇంటి నుంచి నడుచుకుంటూ. ఆటోలు లేవు కదా ఎలా వచ్చినావని తల్లీకూతుళ్లు అడిగితే, "బంద్ మాదే గదా, నడుస్త ఏముంది" అందట. లోపలికి తీసుకెళ్లేముందు స్ట్రెచర్ పక్కన నిలబడి, "నిన్న మేం మా లొల్లిల పడి మీ అమ్మను మరిచిపోయినం. జర మాఫ్ చెయ్యి" అని, తల్లి చెయ్యి పట్టుకుని ప్రార్థించిందట. రాష్ట్రం మాట ఎత్తలేదట. ఆపరేషన్ అయ్యేదాకా అక్కడే కూర్చుందట.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆ వరంగల్ అమ్మాయిని అడిగాను, నాకెందుకు చెప్పలేదని. "చెప్పుడెందుకక్కా? నువ్వు గూడ పోయే ఉంటవనుకున్న" అని నా డబ్బాలోంచి వంకాయ కూర వడ్డించుకుంది. నేను తల వంచుకుని తిన్నాను.

ఆదివారం మళ్లీ లేచి నిలబడి, పోయిన వారం చెప్పిన సాక్ష్యంలో ప్రార్థన భాగం అబద్ధమని చెప్పాను. ఈసారి హల్లెలూయలు లేవు. ముందు వరసలో ఒకావిడ చీర కొంగు సర్దుకుంది. పాస్టర్‌గారు గడియారం చూసుకుని, "తర్వాత పాట" అన్నారు.

సోమవారం పొద్దున కంప్యూటర్లు తెరుచుకుంటుండగా, బుధవారం నుంచి నన్ను తొలుస్తున్నది పక్క సీటు అమ్మాయిని అడిగాను.

"నేను ఫోన్ చేసేసరికే వరంగల్ అమ్మాయి వచ్చి నీకన్నీ చెప్పేసింది కదా. మరి నన్నెందుకు అడిగావు, ప్రార్థించారా అని?"

ఆమె పాస్‌వర్డ్ కొట్టి కుర్చీ నా వైపు తిప్పింది.

"మీరే నిజం చెప్తారేమోనని, అక్కా."