సలోమి మేడం కరెంటు పూలు

కనకాంబరానికి వాసన ఉండదు. కానీ తడి అరిటాకులోంచి తీసి మూరెడు మాల అరచేతిలో పెడితే ఒక చల్లదనం తగులుతుంది, బరువే తెలియని చల్లదనం. మొన్న డిసెంబరు ఉదయం మట్టెవాడలో పూలమ్మే పిల్ల నా చేతిలో అలా పెట్టి, "చలికి పూలు వస్తలేవు ఆంటీ, రేటు జర ఎక్కువనే" అంది. డబ్బు ఇచ్చాక కూడా నేను అక్కడే నిలబడిపోయాను. సలోమి మేడం గుర్తొచ్చారు.

డెబ్భైల చివర్లో నేను చదువు ముగించి మా ఊళ్ళోనే ఒక ఆడపిల్లల కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. మాది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. సలోమి మేడం ఆ కాలేజీలో వృక్షశాస్త్ర శాఖకు పెద్ద. నలభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, ముసలి తల్లితో మట్టెవాడలో ఉండేవారు. సన్నంచు తెల్లచీర, బిగించి చుట్టిన ముడి, బోసి మెడ. వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళు నగలూ పూలూ పెట్టుకోరు. అలాంటి ఆవిడకు ఉన్న పట్టుదల ఒక్కటే, చలికాలంలోనూ పూసే కనకాంబరాన్ని పుట్టించాలని.

"పూలు పెట్టుకోని మీకు ఈ పూల పిచ్చి ఏంది మేడం?" అని చేరిన కొత్తలో అడిగేశాను. ఆవిడ కోప్పడలేదు.

"పరకాల దగ్గర మా తమ్ముడు కనకాంబరం పెడ్తడు విజయా. ఎండకాలం గంపలకు గంపలు కోస్తడు. చలి దిగిందంటే మొగ్గ నల్లవడి రాలిపోతది. ఇగ పిల్లలను తోలుకొని కూలికి పోతడు. మందులతోని అయ్యేది కాదు. మొక్కనే మారాలె."

మొక్కను మార్చడానికి మేడం ఎంచుకున్న దారి కిరణాలు. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో క్యాన్సర్ రోగులకు కిరణాలు పెట్టే కోబాల్ట్ యంత్రం ఉండేది. అక్కడి డాక్టరును ఎంత బతిమాలారో ఏమో, రోగులందరూ వెళ్ళాక దాని కింద విత్తనాలు పెట్టుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు. ఒళ్ళో విత్తనాల పొట్లం పెట్టుకొని రైలెక్కిన మేడం పక్కన నేనూ కూర్చున్నాను. "విత్తనం లోపల ఒక రాత ఉంటది," అన్నారు దారిలో. "కిరణం పోయి అండ్ల ఏదో ఒక అక్షరం చెరుపుతది. ఏ అక్షరమో మన చేతుల లేదు. చానామట్టుకు చెడే అయితది. ఎప్పుడన్న ఒకటి మంచిగయితది. గా ఒక్కదాని కోసమే."

ఆవిడ చెప్పినట్టే చెడే ఎక్కువైంది. చాలా విత్తనాలు మొలవనే లేదు. మొలిచినవాటిలో కొన్నిటి ఆకులు మెలితిరిగాయి, కొన్నిటికి తెల్లచారలు పడ్డాయి. వాటి విత్తనాలు తీసి మళ్ళీ చల్లి, ఆ పిల్లమొక్కలను చలికాలమంతా ఆరుబయట వదిలేశాం. ఒక సాయంత్రం చూడలేక, "గోనెపట్టలు కప్పుదామా మేడం?" అన్నాను. "కప్పితే మనకేం తెలుస్తది బిడ్డా?" అన్నారు. కానీ మర్నాడు నేను పెందలాడే వెళ్ళేసరికి శాలువా కప్పుకొని మొక్కల మధ్య నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే, వాటికి లేనిది తనకెందుకన్నట్టు, శాలువా తీసి చేతి మీద వేసుకున్నారు.

అలా మరి రెండు చలికాలాలు గడిచాక, చుట్టూ మొక్కలన్నీ మొగ్గలు రాల్చిన ఒక ఉదయం, ఒక్క మొక్క మాత్రం నిండుగా పూసింది. మామూలు కనకాంబరం కంటే రంగు కొంచెం లేత. మేడం మట్టిలోనే కూలబడి చాలాసేపు దాన్నే చూశారు. అది గింజ కట్టలేదు. అందుకని కొమ్మలు కత్తిరించి నాటాం. మరుసటి చలికాలానికి మా దగ్గర ఒక మడి నిండా పూలు, తమ్ముడి తోటలో నాలుగు సాళ్ళు.

అప్పుడొచ్చింది అసలు కష్టం. కోబాల్ట్ మాట ఊళ్ళోకి పాకింది. క్యాన్సరుకు కిరణాలు పెట్టడాన్ని మా దగ్గర కరెంటు పెట్టడం అంటారు. అవి కరెంటు పెట్టిన పూలట, తలలో పెట్టుకుంటే జుట్టు ఊడుతుందట, కడుపుతో ఉన్నవాళ్ళు ముట్టుకోకూడదట. మట్టెవాడలో పూలమ్మే రాజవ్వ గంప పక్కకు జరిపేసింది. "నీకు దండం మేడం. గీ కరెంటు పూలు నా గంపల పెడితే కడమ పూలు సుత ఎవలు కొనరు." పరకాల నుంచి తమ్ముడు తెచ్చిన పూలు సంచిలోనే వాడిపోయాయి. కిరణం విత్తనంలో నిలవ ఉండదని, పువ్వులోకి రాదని మేడం ఎంతమందికో చెప్పారు. అందరూ తలూపారు. ఎవరూ కొనలేదు.

ఆ ఆదివారం పొద్దున ఆవిడ నన్ను ఇంటికి రమ్మన్నారు. వెళ్ళేసరికి అద్దం ముందు నిలబడి, ముడిలో కనకాంబరాలు తురుముకోవడానికి అవస్థ పడుతున్నారు. జీవితంలో ఎన్నడూ చేయని పని. కుర్చీలో కూర్చున్న తల్లి చూసింది.

"గిదేందే సలోమీ?"

"పూలమ్మా."

"చర్చికేనా?"

"చర్చికే."

ముసలావిడ కళ్ళజోడు పెట్టుకుంది. "పిన్ను జారిపోతాంది. ఇటు రా," అని కూతుర్ని కింద కూర్చోబెట్టుకొని, మాల సరిచేసింది.

నేనూ ఒక మాల తలలో పెట్టుకొని ఆవిడ వెంట నడిచాను. బజారంతా చూసింది. ఆరాధన ముగిశాక ఒక పెద్దమనిషి వాకిట్లో ఆపి, "ఈ వయసుల సింగారమా సలోమమ్మా?" అన్నాడు. మేడం ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం తొణకలేదు.

"సింగారం కాదన్నా. సాక్ష్యం."

ఆ చలికాలమంతా ప్రతి ఆదివారం పూలు పెట్టుకునే వెళ్ళారు. కొందరు చర్చిలో పలకరించడం మానేశారు. అది ఆవిడను బాధించింది, నాకు తెలుసు. చలి తగ్గే రోజుల్లో ఒకసారి రాజవ్వే పిలిచి, మేడం తలను అటూ ఇటూ తిప్పి చూసింది. "జుట్టు మంచిగనే ఉన్నది గదా," అని తన కొప్పు చూపించింది. "జర నాకు సుత ఒక మూర పెట్టు." మరుసటి ఏడాది తమ్ముడి పిల్లలు కూలికి పోలేదు.

ఆ రకం ఇప్పుడు లేదు. కొన్నేళ్ళకు వేరుకుళ్ళు తెగులు తగిలి తోటంతా పోయింది. ఉద్యోగం చాలించి తమ్ముడి దగ్గరికి వెళ్ళిన మేడం కూడా ఎనభైల దశకం ముగియకముందే గుండెజబ్బుతో పోయారు. పువ్వుకు ఒక పేరైనా పెట్టలేదు.

ఆవిడ పోయిన ఏడాదే మా కొత్తవాడలో పక్కింటి నర్సవ్వత్త క్యాన్సరుకు కిరణాల వైద్యం చేయించుకొని వచ్చింది. అవి అంటుకుంటాయని వాడకట్టు వాడకట్టంతా ఆ గడప తొక్కడం మానేసింది. అంటుకోవని వాకిట్లో నిలబడి నేను అందరికీ చెప్పగలిగేదాన్నే. వాళ్ళు తలూపేవారు కూడా. ఏమీ చెప్పకుండా లోపలికి వెళ్ళి మంచం మీద అత్త పక్కనే కూర్చున్నాను. ఆమె గబగబా జరిగింది.

"దూరముండు బిడ్డా. నీకు భయమైతలేదా?"

"చాయ్ పొయ్యత్తా," అన్నాను. "నువ్వు తాగే గిలాసలనే పొయ్యి."