రెండు చేతుల మర్యాద

ఆ హోటల్లో అతన్ని అందరూ నిదానం బాబాయ్ అనేవారు. పాత వైన్ సీసాల్లో అడుగున మడ్డి పేరుకుంటుంది. దాన్ని కదలనివ్వకుండా వైన్‌ను సన్నటి ధారగా డికాంటర్‌లోకి, అంటే మెడ సన్నగా బొజ్జ వెడల్పుగా ఉండే గాజు కూజాలోకి వంచాలి. కాసేపు గాలి తగలనిచ్చి, అప్పుడు బల్ల దగ్గరికి తీసుకెళ్లి గ్లాసుల్లో పోయాలి. ఏళ్ల తరబడి అతని పని అదే. ఎవరెంత తొందరపెట్టినా తొణికేవాడు కాదు కనుక ఆ పేరు.

ఒక ఏడాది అతనికి కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవడమే గగనమైపోయింది. భార్య అతని చెయ్యి పట్టుకుని చొక్కాలోకి దూరుస్తూ రోజూ ఒకటే పోరు.

"ఇంక చాలించండి. ఈ చెయ్యి చూస్తే ఎవరైనా పని చెప్తారా?"

"ఎవరు చూశారు? పైన కోటు ఉందిగా" అనేవాడు.

నిండు డికాంటర్ ఒంటి చేత్తో లేవడం మానేసింది. ఎడమ చెయ్యి అడుగున ఆనించి, రెండు చేతులతో, కాస్త వంగి పోయడం మొదలుపెట్టాడు. వంగకపోతే భుజం ప్రాణం తోడేసేది. అతిథులు మాత్రం అదేదో పాతకాలపు మర్యాద అనుకుని మురిసిపోయారు. ఆ మెప్పు మేనేజర్ చెవిన పడింది. మర్నాడే సర్వర్లందర్నీ పిలిచి, "బాబాయ్‌ని చూసి నేర్చుకోండి. ఇకనుంచి అందరూ రెండు చేతులతో వంగే పోయాలి" అన్నాడు.

"మా నడుములు విరగ్గొట్టారు కదా బాబాయ్!" అని గొణిగింది పక్క బల్లలు చూసే అమ్మాయి. అతను నవ్వలేక నవ్వాడు. నిజం చెబితే పని పోతుందేమోనని భయం.

ఒక సాయంత్రం ఒక పెద్దావిడకు పోస్తుండగా భుజం కలుక్కుమంది. డికాంటర్ మూతి గ్లాసు అంచుకి టకటకా కొట్టుకుంది. ఆవిడ గభాలున కూజా అందుకుని బల్ల మీద పెట్టింది.

"నొప్పి భుజంలోనా?" అని మెల్లిగా అడిగింది.

"అవునమ్మా." అప్పటిదాకా ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఒప్పుకోలేదతను.

"నాకూ ఉండేది. మేం పోసుకుంటాంలే, మీరు వెళ్లండి."

అతను తిన్నగా మేనేజర్ గదికి వెళ్లాడు. "అది మర్యాద కాదు బాబూ. నా చెయ్యి లేవట్లేదు."

"ముందే చెప్పొచ్చుగా?"

"మీరంత పొగిడాక ఎలా చెప్పను?"

మేనేజర్‌కి నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. "సరే, లోపల కూర్చుని వంచి ఇవ్వండి చాలు. హాల్లోకి మాత్రం ఇక రావద్దు."

వంటగది వెనక గదిలో అతనికి ఎత్తు స్టూలు వేశారు. మోచెయ్యి బల్లకి ఆనించి, సీసా మెడ వెనక దీపం పెట్టుకుని వంచుతాడు. ఎర్రటి ధారలో మడ్డి నలక కనబడగానే ఆపేస్తాడు. నిండిన డికాంటర్‌ను ఎవరో వచ్చి తీసుకెళ్తారు. అవతల ఎవరు తాగారో, బాగుందన్నారో లేదో తెలియదు. మొదట్లో తలుపు సందులోంచి తొంగి చూసేవాడు. ఇప్పుడు చూడడు. కాస్త ఖాళీ దొరికితే గోడకి తల ఆనించి కళ్లు మూసుకుంటాడు.