ఊరిని బురదలో కూర్చోబెట్టిన వనజాక్షి

మొగదిబ్బపాళెంలో వనజాక్షులు ముగ్గురున్నారు. ఒకామె అంగనవాడీ వనజాక్షి, ఒకామె పైవీధి వనజాక్షి, మూడో ఆమె కొక్కెం వనజాక్షి. ఆ పేరు మొదట వెక్కిరింపుగా పెట్టిందే. ఇప్పుడు పీతలు కొనడానికి కావలి నుంచి వచ్చే వ్యాపారి కూడా ఫోనులో ఆమె నంబరు ఆ పేరుతోనే దాచుకున్నాడు. అసలు ఇంటిపేరు ఏమిటని అడిగితే ఆమె భర్త మస్తాన్ కూడా ఒక్క క్షణం ఆలోచించి చెప్పాల్సిందే.

నలభై ఆరేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మోకాళ్ళ కింద కాళ్ళు బురద రంగుకు తిరిగి, సబ్బుకు లొంగడం ఎప్పుడో మానేశాయి. ఊళ్ళో మగవాళ్ళు పడవలేసుకుని సముద్రం మీదికి పోతే ఈమె ఊరి వెనక ఉప్పుకాలువలోకి పోతుంది. కాలువకు అటొకటి ఇటొకటి మడచెట్లు మొలిచిన బురద తిప్పలున్నాయి. పోటు తగ్గి నీరు తీసే వేళకు నాలుగు మూరల ఇనుప కొక్కెం భుజాన వేసుకుని ఆ బురదలో దిగుతుంది.

చెట్ల వేళ్ళ సందుల్లో పీతలు బొరియలు చేసుకుని ఉంటాయి. ఊళ్ళో వాటిని ఎండ్రకాయలంటారు. బొరియ నోటి దగ్గర బురద చూసి లోపలున్నది మగదో ఆడదో, ఆకలి మీద ఉందో డిప్ప విడిచి మెత్తగా ఉందో చెప్పగలదు వనజాక్షి. కొక్కెం లోపలికి పోనిచ్చి, తట్టి, అది కోపంతో కొక్కాన్ని పట్టుకోగానే మెల్లగా బయటికి లాగుతుంది. అరచేతికన్నా చిన్నదైతే తిరిగి లోపలికి వదులుతుంది. కడుపుతో ఉన్నదైతే దానికి నాలుగు మంచి మాటలు చెప్పి మరీ వదులుతుంది. పెద్దది దొరికి బుట్టలో వేసుకున్నా సరే, గుప్పెడు తడి బురద తీసి ఆ బొరియ నోటికి మెత్తి వస్తుంది. అలా చేస్తే లోపల తేమ ఆరిపోదు. పక్షం తిరిగేలోగా మరో పీత వచ్చి ఆ ఇంట్లో కాపురం పెడుతుంది. ఇదంతా అత్త వెంకటశేషమ్మ నేర్పిన పని. ఆ అత్త కోడలికి నగలేమీ ఇవ్వలేదు గానీ, ఏ బొరియలో ఎప్పుడు చెయ్యి పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో మాత్రం ఇచ్చిపోయింది.

ఊళ్ళో కుర్రకారుకు అంత ఓపిక ఎక్కడిది? పీతలకు గిరాకీ పెరగ్గానే గడ్డపారలు పట్టుకుని పడమటి తిప్ప మీద పడ్డారు. బొరియలు తవ్వేశారు, అడ్డమొచ్చిన వేళ్ళు నరికేశారు. మొదటి ఏడాది బుట్టలు నిండాయి. మూడో ఏడాదికి ఆ తిప్ప మీద పీత కాదు కదా, పీత అడుగు కూడా కనిపించలేదు. చెట్లు ఎండాయి. అప్పుడు వీళ్ళ చూపు తూర్పు తిప్ప మీదికి మళ్ళింది, సరిగ్గా అప్పుడే గంగాధరం కూడా ఊళ్ళోకి వచ్చాడు.

గంగాధరానికి కావలి పక్కన రొయ్యల గుంటలున్నాయి. చెడ్డవాడేమీ కాదు. ఎక్కడ చదును నేల కనిపించినా అక్కడొక గుంట కనిపించే కళ్ళు ఆయనవి, అంతే. తూర్పు తిప్ప ఊరి ఉమ్మడిది గనుక ఊరు ఒప్పుకుంటే చెట్లు కొట్టించి గుంటలు వేస్తానన్నాడు. బదులుగా ఊరికి పెద్ద కల్యాణమండపం కట్టిస్తానన్నాడు. ఎటూ పీతలు అయిపోతున్నాయి, ఆ బురద ఉంటే ఎంత పోతే ఎంత అనుకున్నారు చాలామంది.

ఆ ఊళ్ళో తీర్పు చెప్పేది పెద్దకాపు మాల్యాద్రి. ఆయన ఒక మాట కట్టడి చేస్తే దాన్ని దురాయి అంటారు. దురాయి పడ్డాక ఎంత మొనగాడైనా దాటడు. పెద్దకాపు కొలువు తీరిన చోట మగవాళ్ళు కూర్చుంటారు, ఆడవాళ్ళు గోడవారగా నిలబడతారు. ఆడవాళ్ళు మాట్లాడకూడదని ఎక్కడా రాసిపెట్టలేదు. మాట్లాడరు, అంతే.

అందుకని గంగాధరం మాట కొలువుకొచ్చిన రోజు మస్తాన్ లేచాడు. గాలివానలో పడవ నడిపే మనిషి, నలుగురిలో నోరు తెరవాలంటే తడబడతాడు. వెనక నుంచి వనజాక్షి చెప్పడం, ముందు నుంచి ఆయన అప్పజెప్పడం.

"ఎండ్రకాయలు అయిపోలేదంట మామా," అన్నాడు మస్తాన్.

"మరి పడమటి తిప్పలో ఏమైనాయంట?" అన్నాడు పెద్దకాపు.

వెనక నుంచి గుసగుస వినిపించింది. మస్తాన్ గొంతు సవరించుకున్నాడు. "ఇల్లు పడగొట్టి, కాపురానికి ఎవురూ రాలేదే అంటే ఎట్టా వస్తారు అంటాంది."

జనం నవ్వారు. పెద్దకాపు కూడా మీసం చాటున నవ్వుకున్నాడు. చివరికి వనజాక్షికి రెండేళ్ళ గడువు దొరికింది. తూర్పు తిప్పలో గడ్డపార దిగకూడదు. వానలు మొదలై కడుపుతో ఉన్న పీతలు సముద్రానికి దిగే రోజుల్లో కాలువకు అడ్డంగా వల కట్టకూడదు. గడువు తీరాక ఊరు వచ్చి చూస్తుంది. ఒక్క పూటలో ఇరవై పెద్ద పీతలు కనిపిస్తే తిప్ప ఊరిదే, కనిపించకపోతే గంగాధరానిది.

ఆ రెండేళ్ళూ వనజాక్షి కాలికి కుదురు లేదు. పదిమంది ఆడవాళ్ళను పోగేసి కొక్కెం పట్టడం నేర్పింది. నీటిలో కొట్టుకొచ్చిన మడకాయలు ఏరి, బోసిగా ఉన్న చోటల్లా గుచ్చింది. వాన రోజుల్లో కాలువ గట్టున గొడుగేసుకుని కూర్చుని, వల పట్టుకొచ్చిన వాడినల్లా పేరు పెట్టి పిలిచి, వాళ్ళమ్మను కూడా కలిపి పలకరించి వెనక్కి పంపింది. ఆమె నోటికి జడిసినవాళ్ళే ఎక్కువ. ఏ నోరైతేనేం, పీతలు సముద్రానికి పోయొచ్చాయి. రెండో ఏడు వచ్చేసరికి తిప్ప మీద కాలు పెట్టిన చోటల్లా బొరియే. ఆమెతో పనిచేసిన పదిమందీ ఇళ్ళల్లో పొయ్యి వెలిగించుకోవడానికి మగవాడి పడవ కోసం ఎదురుచూడటం మానేశారు. నిజం చెప్పాలంటే వనజాక్షికి కాస్త గర్వం తలకెక్కింది. ఎక్కితే తప్పా? కష్టం ఆమెది.

ఆ గర్వమే గడువు రోజున ఆమెను ముంచబోయింది.

దీపావళి ముందు వచ్చిన ఆ రోజున పెద్దకాపు, నలుగురు పెద్దలు వస్తే చాలు. వనజాక్షికి అది ఆనలేదు. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి, "సాయంత్రం తిప్ప కాడికి రాండి, చూద్దురు గాని," అని పిలిచింది. ఊరూ కదిలింది. అరవైమంది దాకా పడవల్లో దిగి, కేకలేసుకుంటూ, బురదలో జారిపడిన వాళ్ళను చూసి నవ్వుకుంటూ తిప్ప ఎక్కారు. సముద్రం వాళ్ళు కదా, గట్టి ఇసుక మీద ధనాధనా నడిచే అలవాటు. ఇక్కడా అలాగే నడిచారు. గంగాధరం నెల్లూరులో ఇస్త్రీ చేయించిన ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని అందరికన్నా వెనక వచ్చాడు.

వనజాక్షి తనకు బాగా తెలిసిన బొరియ దగ్గర కూర్చుని కొక్కెం పోనిచ్చింది. లోపల ఏమీ తగల్లేదు. రెండోది చూసింది. అదీ అంతే. మూడు, నాలుగు, ఏడు. నిన్న సాయంత్రం తన కళ్ళతో చూసిన పీతలు! వాటి కాళ్ళ గుర్తులు బురద మీద ఇంకా తడి ఆరకుండా ఉన్నాయి. వెనక నవ్వులు తగ్గాయి. ఎవరో దగ్గారు. "పాపం, కష్టపడింది," అన్నాడొకడు. ఆ పాపం అన్న మాట ఆమెకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. రెండేళ్ళు పోయినందుకు కాదు. రేపు ఈ చెట్ల మీద గొడ్డలి పడితే, అది తను దగ్గరుండి పిలిచి వేయించినట్టవుతుంది.

పదకొండో బొరియలో కొక్కెం పెట్టి అలాగే ఆగింది. చేతిలో ఇనుము సన్నగా వణుకుతోంది. లోపల పీత లేదు, మరి వణుకు ఎక్కడిది? తల తిప్పి చూసింది. నూటిరవై కాళ్ళు బురద తొక్కుతూ కనిపించాయి. అప్పుడు అర్థమైంది. నేల అదిరితే పీత కొక్కానికి అందనంత లోతుకు పోతుంది. అందుకే బొరియల మీదికి గుంపుగా పోకూడదని అత్త మొదటి రోజే చెప్పింది. ఆ పదిమందికీ తనూ మొదటి రోజే చెప్పింది. చెప్పిన మనిషే ఊరంతటినీ పిలుచుకొచ్చింది.

లేచి నిలబడింది. మస్తాన్ అలవాటు కొద్దీ ముందుకొచ్చాడు, ఆమె చెప్తే తను అందుకుందామని.

"నువ్వుండు," అంది వనజాక్షి. ఊరి వైపు తిరిగింది. "తప్పు నాది. ఇంతమందిని పిలిచినా. మీ కాళ్ళకు జడిసి అవి అడుక్కు పోయినాయి. యాడ నిలబడినోళ్ళు ఆడనే కూర్చోండి. పోటు నీళ్ళు మళ్ళేదాకా కదలొద్దు, మాట్లాడొద్దు."

తెరిచిన నోరు మస్తాన్ మెల్లగా మూసుకున్నాడు. పెద్దకాపు ఒంటి మీద ఉతికిన తెల్లపంచె ఉంది, కింద పిక్కల్లోతు బురద ఉంది.

"బురదలోనా అమ్మాయ్?" అన్నాడు.

"బురదలోనే మామా. ఈడ కుర్చీలు ల్యా."

పెద్దకాపు ఏమనుకున్నాడో, పంచె ఎగదోసి కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాక ఇక నిలబడేదెవరు? ఊరంతా చతికిలబడింది. గంగాధరం ఒక వేరు మీద సర్దుకోబోయి జారి, అందరిలాగే బురదలో కూర్చున్నాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత గోరంత పీతలు బయటికొచ్చాయి, ఒకే ఒక ఎర్రటి పెద్ద చెయ్యి ఊపుకుంటూ వందల కొద్దీ వచ్చాయి. నీళ్ళు మళ్ళాయి. చెట్ల మొదళ్ళలోకి సన్నగా పాకుతూ వచ్చిన నీటి వెనకే, ఒక్కొక్క బొరియ నోటిలోనూ నల్లటి డిప్పలు కదిలాయి. అరచేతులంత పీతలవి. ఒకటి గంగాధరం బొటనవేలి పక్కనే ఆగి, ఆయన్ని ఎగాదిగా చూసి తన దారిన పోయింది. ఆయన ఊపిరి బిగబట్టాడు గానీ, కళ్ళు మాత్రం చిన్నపిల్లాడి కళ్ళలా మెరిశాయి. పెద్దకాపు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఇరవై దాటింది, ముప్పై దాటింది, నలభై దగ్గర చెయ్యి దించేశాడు. కడుపు బరువుతో మెల్లగా నడుస్తూ ఆడపీతలు సముద్రం వైపు వరస కట్టాయి. ఆ ఊళ్ళో పుట్టి ముసలివాళ్ళైనవాళ్ళు కూడా ఆ వరస చూడలేదు, చూసేంతసేపు అక్కడ ఎవరూ కదలకుండా కూర్చోలేదు గనుక. వనజాక్షికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. చేతులు బురదగా ఉన్నాయని తుడుచుకోలేదు.

పెద్దకాపు మెడ మాత్రం తిప్పి, గొంతు బాగా తగ్గించి పిలిచాడు.

"అమ్మాయ్, ఈ తిప్ప జోలికి ఎవురూ పోకుండా దురాయి వెయ్యాల. కూర్చోని చెప్పే మాట కాదు గదా అది. లేయొచ్చునా?"

వనజాక్షి నీటి వైపు చూసింది.

"ఇంకాసేపు కూర్చో మామా," అంది. "తల్లులు దిగతా ఉండాయి."

పెద్దకాపు కూర్చున్నాడు.