నిండుకున్నాయి అనకూడని ఇల్లు

రంగూన్‌లో మింగళ తౌంగ్‌న్యున్ పేటకి నేను కాపురానికొచ్చిన మూడో రోజు, బియ్యం డబ్బా అడుగు గీకి, "మావయ్యా, బియ్యం నిండుకున్నాయి" అన్నాను. తెలుగింట పుట్టిన ఆడది ఇంకేమంటుంది? లేవంటే ఇంటికి అరిష్టమని మా అమ్మ అలాగే అనేది, వాళ్లమ్మ అలాగే అనేది. బాప్తిస్మం తీసుకున్నా వంటింట్లో ఆ మాట మారలేదు.

మా మామయ్య అహరోను తింటున్న కంచం పక్కకి జరిపాడు.

"నేకపోతే నేవని సెప్పమ్మీ. ఈ ఇంట్ల ఆ మాటొద్దు."

ఇరవయ్యొక్కేళ్లు లేవు, లేవు అంటూనే వండాను. ఆ ఊళ్లో ఆ రోజుల్లో లేదు అనడానికి కరువేమీ లేదు. సబ్బు లేదు, మంచినూనె లేదు, బయటి దేశం నుంచి ఉత్తరం ముక్క లేదు.

మామయ్య సేక్కాన్ రేవులో బస్తాలు మోసేవాడు. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలి ముడుచుకుపోయి ఉండేది. ఎవరైనా అడిగితే, యుద్ధంలో నార్వే వాళ్ల నూనె ఓడ మీద పనిచేశాననీ, విమానాలొచ్చి బాంబులేసి ముంచేశాయనీ చెప్పేవాడు. నార్వే దొరలు ఎండుచేప నమిలేవారట, మన చేపల పులుసు వాసనకి మాత్రం ముక్కు మూసుకునేవారట. అక్కడికి నవ్వేసి ఊరుకునేవాడు. ఓడ మునిగిన సంగతి అడిగితే లేచి వెళ్లిపోయేవాడు.

మా సందు వెనక అచ్చమ్మ ఉండేది. ఆమె భర్త బంగారయ్య అదే ఓడలో మామయ్యకి పైవాడు, ఆ రోజే పోయాడు. ఏటా క్రిస్మస్‌కి మామయ్య ఆమెకి కేకు పట్టుకెళ్లేవాడు. గుమ్మంలోనే నిలబడేవాడు. ఎంత చెప్పినా కూర్చునేవాడు కాదు. ఆయనెలా పోయాడు అని ఆమె ఏటా అడిగేది. "నొప్పి తెలీనేదు వదినా" అని ఈయన ఏటా చెప్పేవాడు.

ఎనభై ఎనిమిది ఆగస్టులో ప్రభుత్వం మీద ఊరు లేచింది. ముందు కేకలు, తర్వాత కాల్పులు. రైళ్లు ఆగిపోయి, రైల్వే షెడ్డులో పనిచేసే నా భర్త ఫ్రాంక్లిన్ ఇన్సేన్‌లోనే చిక్కుకుపోయాడు. కొట్లు మూసేశారు. ఐదో రోజు మధ్యాహ్నం అచ్చమ్మ గోడలు పట్టుకుని నడిచి మా గుమ్మంలోకొచ్చింది. చేతిలో ఖాళీ పాలడబ్బా.

"అమ్మాయీ, బియ్యం నిండుకున్నాయే."

నేను భయపడి మామయ్య వంక చూశాను. ఆయన కసరలేదు. కుర్చీలోంచి దిగి, ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. నలభై ఆరేళ్లుగా ఎవరికీ చెప్పనిది చెప్పాడు.

నూనె ఓడలో నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే చెడ్డదట. నిండుది అంటుకుంటే కాలుతుంది, పారిపోవడానికి కాస్త వ్యవధి ఉంటుంది. ఖాళీదానిలో ఆవిరి ఉంటుంది, ఒక్కసారే పేలుతుంది. ఆ ఓడ సగం పెట్రోలు ఒక రేవులో దించి, మిగతాది ఇంకో రేవుకి మోసుకెళ్తోంది. ఆ ఉదయం బంగారయ్య నడిమి ట్యాంకు ఎలా ఉందని అడిగాడు. అది ఖాళీ. మామయ్యకి పంతొమ్మిదేళ్లు, అమ్మ వంటింటి మాట నోట్లో ఇంకా తడారలేదు. "నిండుకుందన్నా" అన్నాడు. గంటకి విమానాలొచ్చాయి. ముందు భాగం అంటుకుంది. మామయ్య కాలు అక్కడ ఇనుప తాళ్లలో ఇరుక్కుంది. బంగారయ్య ఆ నడిమి ట్యాంకు మీదుగానే పరిగెత్తుకొచ్చి, కాలు విడిపించి, ఈయన్ని సముద్రంలోకి తోశాడు. తిరిగి వెళ్తుంటే ట్యాంకు పేలింది.

నిండుగా ఉందనుకునే అటు వచ్చాడనీ, చిన్నప్పుడే ఓడెక్కినవాడికి ఆడవాళ్ల మాట తెలియలేదనీ, తన నోరే అతన్ని చంపిందనీ మామయ్య ఏడ్చాడు.

అచ్చమ్మ ఏడవలేదు.

"మా ఇంట్ల ఏనాడు నిండుంది అహరోనూ? లగ్గమైన కాడ్నుంచి ఆయన నా నోట ఇన్నది ఆ మాటే. మల్లీ నిండుకున్నాయా, నీ నోరెప్పుడు నిండుకుంటాదే అని ఎక్కిరించీవోడు."

మామయ్య తలెత్తాడు. "అయితే తెలిసే…"

"తెలిసే వొచ్చాడు. నీకోసం."

నేను ఆమె పాలడబ్బాలో బియ్యం పోస్తూ ఆగిపోయాను.

"నొప్పి తెలీనేదన్నావు ఇన్నేళ్లూ. ఎవలి నొప్పి?" అందామె. "అప్పుడే సెప్పుంటే అప్పుడే నానూ సెప్పీదాన్ని. నన్నొదిలి నీకాడికొచ్చాడని అప్పుడే ఏడ్సీసీదాన్ని."

ఆ కోపంలో బియ్యం పారబోసి వెళ్తుందనుకున్నాను. పారబోయలేదు. కోపం ఉన్నా కడుపూ ఉంటుంది. డబ్బా కొంగులో చుట్టుకుని, వచ్చిన గోడ పట్టుకునే వెళ్లిపోయింది.

ఆ తర్వాత మామయ్య సరిగా తినలేదు. తప్పు మోయడం ఆయనకి అలవాటే. ఒకడు తెలిసి తన కోసం చచ్చాడన్నది మోయడం చేతకాలేదు. ఒకరోజు మందు పట్టుకెళ్తే, "అన్న నన్నక్కడే ఒగ్గీవలసింది" అన్నాడు. సెప్టెంబరు చివర పోయాడు.

అప్పటికి సైన్యం అధికారం చేతిలోకి తీసుకుని, ఎక్కడా ఐదుగురు ఒకచోట చేరకూడదని ఉత్తర్వు వేసింది. సమాధి దగ్గర పాస్టరుగారు, నా భర్త, నేను, గొయ్యి తవ్వినవాడు. అచ్చమ్మ ఐదో మనిషి. గోడ అవతలే నిలబడింది. ఉత్తర్వుకో, కోపానికో నేనడగలేదు. మన్ను పోసేదాకా మాత్రం ఉంది.

ఇంటికొచ్చి ఎసరు పెట్టి డబ్బా తీశాను. అడుగున నాలుగు గింజలు.

"బియ్యం నిండుకున్నాయి" అన్నాను, ఇల్లంతా వినపడేలా. కంచం జరిపేవాళ్లెవరూ లేరు.