అమ్మోరు ఊళ్లో ఉండగా వచ్చిన ఆట

ఒడిశాలోని బరంపురం బొడొబజారులో కూర్మారావు గారి పప్పుల గోదాము పక్కన మేడ మీదికి ఒక ఇరుకు మెట్లదారి ఉంది. ఆ మెట్లెక్కితే వచ్చే రెండు గదుల్లోనే పద్మిని వయసంతా గడిచింది. అక్కడ ఆమే, ఇంకో ఇద్దరూ కలిసి వీడియో గేములు తయారుచేసేవారు. కంపెనీకి కూర్మారావు గారి కొడుకు లోకనాథ్ ఏదో నోరు తిరగని ఇంగ్లీషు పేరు పెట్టి రిజిస్టరు చేయించాడు గానీ, ఆ పేరు వాళ్లమ్మకే గుర్తుండేది కాదు. కింద బస్తాలు మోసే కళాసీలు వాళ్లని మేడమీదోళ్లు అన్నారు. టీ కొట్టువాడూ అదే అన్నాడు. చివరికి వాళ్ల ఆట మొదలయ్యేటప్పుడు తెర మీద కనిపించే పేరు కూడా 'మేడమీద' అయి కూర్చుంది. ఊరు పెట్టిన పేరుతో పోట్లాడి గెలిచినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

పద్మినిది పాత్రపూర్ దగ్గర పల్లె. తండ్రికి కొంచెం పొలం, బోలెడంత మొండితనం. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. ఆ చుట్టుపక్కల పిల్లలందరిలాగే ఆమె కూడా మాట్లాడేది తెలుగులోనే అయినా రాసుకునేది ఒడియా అక్షరాల్లో. చిన్నప్పటి నుంచి ఆమెకొక జబ్బు ఉంది. దేన్ని చూసినా ముందు వంకే కనిపిస్తుంది. పెళ్లికి తీసుకెళ్తే పందిరి రాట ఒరిగిందని చెబుతుంది. కొత్త చీర చూపిస్తే అంచు దగ్గర జారిన పోగు పట్టుకుంటుంది. తల్లి బుల్లమ్మ తల కొట్టుకుని, ఈ పిల్లని దేవుడు నోరు ముందు చేసి తర్వాత మనిషిని చేశాడనేది.

కంప్యూటర్ డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగం కోసం ఈ మెట్లెక్కిన రోజున లోకనాథ్ ఆమె చేతిలో ఫోను పెట్టి, ఎడ్లబండి ఆట ఒకటి ఆడి చూడమన్నాడు. అంతకుముందు వచ్చినవాళ్లంతా బండిని బాట మీద చక్కగా తోలి, చాలా బాగుంది సార్ అని వెళ్లారు. పద్మిని బండిని వెనక్కి తిప్పింది. బాట వదిలేసి ఒక గోడ మూలకి గుద్దింది, మళ్లీ గుద్దింది, అక్కడే గుద్దుతూ కూర్చుంది. కాసేపటికి ఎడ్లతో సహా బండి నేలలోకి దిగబడి మాయమైంది. అక్కడ బొమ్మలు వేసే సస్మిత అనే ఒడియా అమ్మాయి గది మూల కుర్చీలోంచి లేచి వచ్చి, పడీ పడీ నవ్వింది. ఉద్యోగం ఆ పూటే ఖాయమైంది. ఊళ్లో తిట్లు తెచ్చిపెట్టిన గుణానికి ఇక్కడ జీతమిచ్చారు.

ఆటని పరీక్షించడమంటే ఆడుకోవడం కాదు. ఆడేవాడు గెలవాలని చూస్తాడు. పద్మిని ఆటే ఓడిపోవాలని చూసేది. తలుపు తెరుచుకుంటుంటే మూసేది, నడవమన్నచోట దూకేది, మాట్లాడుతున్న మనిషి మీదికి మేకని తోలేది. తప్పు దొరికితే చెప్పేది. దొరక్కపోతే "తర్వాత" అని ముందుకి పోయేది. బాగుంది అనే మాట ఆమె నోట్లోంచి రాదని మిగతా ఇద్దరికీ అలవాటైపోయింది. పొద్దున్న ఆమె "తర్వాత" అంటే చాలు, లోకనాథ్ ఆ రోజంతా ఈల వేసుకుంటూ తిరిగేవాడు.

మొదట్లో అన్నీ పరాయి పనులే. పిల్లలకి అక్షరాలు నేర్పే ఆట, బుడగలు పగలగొట్టే ఆట, ఏదో కంపెనీ తన డీలర్ల కోసం చేయించుకున్న క్విజ్జు. గదులు కూర్మారావు గారివే. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. నలుగురూ అడిగితే కంప్యూటర్ పని అని చెప్పాలి, ఆటలని చెప్పకూడదు. మూడు తరాలుగా తక్కెడ పట్టుకున్న ఇంట్లో కొడుకు ఆటలాడుకుంటున్నాడంటే పిల్లనెవరిస్తారని ఆయన బెంగ.

సొంత ఆట తర్వాత వచ్చింది. దాని పేరు 'వేషం'. రెండేళ్లకోసారి చైత్రంలో ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి గుడి వదిలి నేతవాళ్ల వీధిలో ఉన్న పుట్టింటికి వస్తుంది. అమ్మవారు పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ మొక్కుకున్నవాళ్లు పులివేషమో కాళివేషమో కట్టుకుని ఊరంతా తిరుగుతారు. ఆ పండగనే యాత్ర అంటారు. ఆటలో ఒక పిల్ల, మంచం పట్టిన తల్లి మొక్కు తను తీర్చడానికి వేషం కట్టి బయల్దేరుతుంది. ఏ వేషం కడితే ఆ వేషానికి తగ్గ వీధి తెరుచుకుంటుంది. కొట్లాట లేదు, చంపుకోవడం లేదు. వీధుల్లో జనం తెలుగూ ఒడియా కలిపే మాట్లాడతారు, బరంపురంలో ఎలా మాట్లాడతారో అలాగే. సస్మిత సందులు గీసింది. లోకనాథ్ వాటికి ప్రాణం పోశాడు. ఆ సందుల్లో ఏళ్ల తరబడి గోడలకి గుద్దుకుంటూ తిరిగింది పద్మిని.

ఆట తయారైంది. ఎప్పుడు విడుదల చెయ్యాలన్న మాట వచ్చింది. ఇంకో ఊరివాళ్లయితే ఏ వారం జనం ఖాళీగా ఉంటారో లెక్క చూసుకునేవాళ్లు. వీళ్లు కిందికి దిగి కూర్మారావు గారిని అడిగారు. అమ్మోరు పుట్టింట్లో అడుగుపెట్టే రోజుని మించిన మంచిరోజు ఉందా అన్నారాయన. ముగ్గురూ చేతులు జోడించారు. అమ్మవారి ఆట అమ్మవారు వచ్చిన రోజున రావడమే న్యాయం అనుకున్నారు.

ఆ రోజు బరంపురంలో ఫోను పట్టుకుని ఇంట్లో కూర్చున్న మనిషి లేడు. ఊరు ఊరంతా వీధిలో ఉంది. ఆ తోపులాటలో నెట్‌వర్కు సైతం చచ్చి ఊరుకుంది. ఆ ఆటని ఇష్టపడి కొనుక్కోవాల్సినవాళ్లంతా నిజం వేషాలు కట్టుకుని నిజం సందుల్లో తిరుగుతున్నారు. అంతెందుకు, సస్మితే కాళి అయింది, లోకనాథ్ ఒళ్లంతా పులిచారలు పూసుకున్నాడు, వాళ్ల వెనకాల పద్మిని నీళ్ల సీసాలు మోసింది. పెళ్లింట్లో అందరూ బంతి మీద ఉండగా పెళ్లి ఫొటోలు చూపించబోయినట్టయింది వ్యవహారం. అమ్మవారు గుడికి వెళ్లి, జనం రంగులు కడుక్కుని, ఫోన్లు చేతిలోకి తీసుకునేసరికి, 'వేషం' మీద ఎన్నో కొత్త ఆటలు వచ్చి పడ్డాయి. యాప్ స్టోరు జాబితాలో అది అడుక్కి పోయింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడినట్టు, లోకంలో వంకలన్నీ పట్టే పద్మినికి ఈ ఒక్కటీ కనిపించలేదు.

ఆ తర్వాత సస్మిత పాఠ్యపుస్తకాలకి బొమ్మలు వేసే పనిలో చేరి భువనేశ్వర్ వెళ్లింది. లోకనాథ్ మెట్లు దిగి తండ్రి పక్కన తక్కెడ పట్టుకున్నాడు. పద్మిని ఒక్కతే పైన కూర్చుని బయటివాళ్ల ఆటల్లో తప్పులు వెతికిపెట్టే పని చేస్తోంది. ఏడాది తిరిగింది. ఆ ఏడు యాత్ర లేని ఏడు.

వానలు పట్టిన ఒక పొద్దున్న లోకనాథ్ మెట్లెక్కి వచ్చి, కూర్చోకుండానే చెప్పాడు.

"నెలాఖరుకి యాప్ స్టోర్లోంచి ఆటని తీసేత్తన్నాను పద్మినీ. అమ్ముడవని సరుకు గుమ్మంలో ఉంటే కొట్టుకే మర్యాద కాదు."

అక్కడ ఉంటే ఖర్చేమిటని పద్మిని వాదించింది. ఖర్చు సంగతి కాదన్నాడతను. ప్రతి బేరగాడూ మీ ఆట ఏమైంది బాబూ అని అడుగుతున్నాడట. అడిగినప్పుడల్లా తన చేతిలో తక్కెడ కదిలిపోతోందట. ఉన్నదాని గురించి అడుగుతారు గానీ, లేనిదాని గురించి ఎవరూ అడగరన్నాడు. ఏనాడూ తన బాధ పైకి చెప్పని మనిషి అలా చెబుతుంటే ఆమె కుర్చీలోంచి లేచింది. కోపమే ముందొచ్చింది.

"అదంతా మీరొక్కరే సేసినారేటి అన్నయ్యా, మీకు తోసినట్టు తీసీడానికి?"

అతను కిటికీ వైపు తిరిగాడు.

"పోనీ నువ్వే సెప్పు. అదెలాగుంది? ఇన్నేళ్లలో ఒక్కపాలైనా సెప్పినావు కాదు."

పద్మిని నోరు తెరిచింది. మాట రాలేదు. ఆ సందుల్లో ఏ రాయి ఎక్కడుందో ఆమెకి తెలుసు. ఏ గుమ్మం దగ్గర ఎంత ఆగితే పిల్ల చెయ్యి గోడలో ఇరుక్కునేదో, దాన్ని ఎప్పుడు సరిచేశారో తెలుసు. ఆట ఎలా ఉందో మాత్రం తెలియదు. బాగుందని ఒక అబద్ధం ఆడితే పోయేది. ఆ నోటికి అబద్ధం కూడా అలవాటు లేదు. లోకనాథ్ ఆమె మౌనాన్నే జవాబుగా తీసుకుని, తల ఊపి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ రోజు ఆమె మరే ఆటా తెరవలేదు. తన మౌనమే ఆ ఆటకి చివరి దెబ్బ అయిందని కుమిలిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని ఆటని మొదటి నుంచి పెట్టింది. వెతకడానికి కాదు, ఆడటానికి. మొదట్లో చెయ్యి మాట వినలేదు. గోడ కనిపిస్తే గుద్దాలనిపించింది. బలవంతాన బాట మీద నడిచింది. ఆటలో పిల్ల తన తల్లి మంచం దగ్గర కూర్చుని మొహానికి పసుపురంగు పూసుకుంది. పులి అయింది. ఒక గుమ్మంలో ముసలమ్మ చెంబుతో వచ్చి పిల్ల కాళ్ల మీద నీళ్లు పోసింది. ఆ నీళ్లు పాదంలోంచి దూరిపోతున్నాయని పద్మిని ఒకప్పుడు వారం పాటు సస్మితని వేధించింది. ఇప్పుడు నీళ్ల వంక చూడలేదు, ముసలమ్మ మొహం చూసింది. అలా సందు తర్వాత సందు నడుచుకుంటూ పోయింది. టీ చల్లారిపోయింది, చూసుకోలేదు.

చివర్లో డప్పులు దూరమవుతాయి, అమ్మవారు వెళ్లిపోతుంది. వీధిలో నలిగిన పువ్వులూ, సగం విప్పిన పందిరీ, మొహాన రంగు ఇంకా పోని పిల్లా మిగులుతారు. ఆట అక్కడ ఆగిపోదు. చెయ్యాల్సిన పని అంటూ ఏదీ ఉండదు గానీ, ఆ ఖాళీ వీధిలో ఎంతసేపు కావాలంటే అంతసేపు తిరగొచ్చు. లోకనాథ్ అలా ఎందుకు పెట్టాడో ఆమె ఏనాడూ అడగలేదు. అక్కడ పాడవడానికి ఏమీ లేదని, ప్రతిసారీ "తర్వాత" అని మూసేసేది.

ఈసారి మూయలేదు. తిరిగింది. అమ్మవారు వెళ్లిన మర్నాడు బరంపురం ఎలా బోసిపోతుందో ఆ ఊళ్లో పుట్టినవాళ్లకీ, పెరిగినవాళ్లకీ, పొట్టకూటికి సూరత్ మిల్లులకి పోయినవాళ్లకీ తెలుసు. ఆ బోసితనమంతా ఆ ఒక్క వీధిలో ఉంది. పద్మిని కళ్లు తుడుచుకుంది, మళ్లీ తిరిగింది, మళ్లీ తుడుచుకుంది.

కిందికి దిగేసరికి లోకనాథ్ ఎవరికో మినప్పప్పు పొట్లం కడుతున్నాడు. గల్లా దగ్గర కూర్మారావు గారున్నారు. బేరం అయ్యేదాకా ఆమె పక్కన నిలబడింది.

"ఆడినాను అన్నయ్యా. బాగుంది."

అతను తలెత్తలేదు. జాలిపడి చెప్పొద్దన్నాడు.

"నాకు జాలేటి? నానెప్పుడైనా అలగ సెప్పినానా?"

అది నిజమే. అంతటి నిజాన్ని కాదనడం అతనివల్ల కాలేదు. చేతిలో దారం అలాగే పట్టుకుని, ఎక్కడా తప్పే లేదా అని అడిగాడు.

"ఒకటుంది. అమ్మోరు ఊళ్లో ఉండగా దాన్ని బైట పెట్టినాం. అమ్మోరు ఎల్లిపోయినాక ఆడుకునే ఆట అది. ఈ ఏడు యాత్ర నేదు. ఊరంతా బెంగెట్టుకునుంది. ఇప్పుడు తీసీకండి."

మంచిరోజు చెప్పిన కూర్మారావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత గల్లా దగ్గర నుంచి లేచి వచ్చి, కొడుకు చేతిలోని పొట్లం తను తీసుకుని, పైకి వెళ్లమన్నట్టు గడ్డం మెట్లవైపు ఎత్తారు.

పైన కుర్చీలో కూర్చున్నాక, ఫోను అందుకోబోతూ లోకనాథ్ ఆగాడు. చేతులకి పప్పు దుమ్ముంది. చొక్కాకి తుడుచుకున్నాడు. తను కూడా దీన్ని ఒక్కసారీ ఆడలేదని, నడుస్తోందా లేదా అని చూడటమే సరిపోయిందని అప్పుడు చెప్పాడు. పద్మిని ఆటని మొదటి నుంచి పెట్టి ఇచ్చింది. వాన తగ్గి, ఎండ గోడ దిగి, వీధిలో దీపాలు వెలిగే వేళకి అతను ఆ ఖాళీ వీధికి చేరుకున్నాడు. ఆమె పక్కనే నిలబడి చూస్తోంది. డప్పులు వినబడటం మానేశాయి. ఇక అయిపోయిందనుకుని ఆమె ఫోను కోసం చెయ్యి చాపింది.

అతను ఇవ్వలేదు.

"ఉండనీ. తియ్యను," అన్నాడు. "నన్ను కూడా కాసేపు తిరగనియ్యి."