డెమో అర్షియాది, బ్యాచ్ రవికాంత్‌ది

అమీర్‌పేటలో ఒక ఆచారం ఉంది. కోర్సు ఏదైనా మొదటి క్లాసు ఉచితం. దాన్ని డెమో అంటారు. నచ్చితే పిల్లలు కిందికి దిగి కౌంటర్లో ఫీజు కడతారు. అందుకే డెమో చెప్పే మనిషి గట్టిగా ఉండాలి. ఆ తర్వాత క్లాసు ఎవరు చెప్పినా అడిగే నాథుడు లేడు.

జోగారావు గారి ఇన్‌స్టిట్యూట్‌లో ఆ గట్టి మనిషి అర్షియా. సనత్‌నగర్‌లో లేత్ మెషీన్ మీద పనిచేసే అబ్దుల్ కూతురు, ఎం.సి.ఎ. చదివింది. సి లాంగ్వేజీలో సాకెట్లు, అంటే ఒక కంప్యూటర్లోని ప్రోగ్రాము ఇంకో కంప్యూటర్లోని ప్రోగ్రాముకు సందేశం పంపే పద్ధతి, ఆమె చెబితే వెనక బెంచీ వాడికి కూడా ఎక్కుతుంది. అయినా పోస్టర్ల మీద ఆమె పేరు ఏనాడూ లేదు. ఆమె హోదా ల్యాబ్ అసిస్టెంట్. ఆడవాళ్ళు చెప్పదగ్గది టైపింగూ ఎం.ఎస్. ఆఫీసూ అట! ఎవరు రాశారీ శాస్త్రం?

"ఈసారి బ్యాచ్ నాకియ్యండి సార్," అని అడిగింది.

"నేను కాదంటున్నానా అమ్మా? లేడీ పేరు చూస్తే సి బ్యాచ్‌కి జనం రారు, ఏం చెయ్యమంటావు?" అన్నాడు జోగారావు. మళ్ళీ తనే, "సరే, డెమో నువ్వే చెప్పు. హాలు నిండితే బ్యాచ్ నీదే," అని మాటిచ్చాడు.

హాలు నిండింది. గుమ్మం దగ్గర కూడా నిలబడ్డారు.

ఈ పాఠానికి అమీర్‌పేట అంతటా తిరిగేది ఒకటే జిరాక్సు నోట్సు. అందులో ఒకసారి పంపడం, ఒకసారి అందుకోవడం. రెండు ప్రోగ్రాములూ ఒకే కంప్యూటర్లో నడుస్తాయి. 'హలో' అని పంపితే 'హలో' వస్తుంది. అదే సాకెట్ల చదువు! అర్షియా మాత్రం పంజాగుట్టలో నెట్ సెంటర్ నడిపే తమ్ముడు సమద్ దగ్గర్నుంచి కేబుల్ తెచ్చి రెండు కంప్యూటర్లను కలిపింది. నోట్సులోని ప్రోగ్రాముతోనే పేజీలకొద్దీ సందేశం పంపింది. అవతల మొదటి ముక్క పడి ఆగిపోయింది.

"మేడమ్, మీ కేబుల్ ఖరాబైంది!" అని ఒకడు.

"పంజాగుట్ట సిగ్నల్ కాడ ఇరుక్కుంది రా!" అని ఇంకొకడు. హాలంతా నవ్వు. జోగారావు నుదురు కొట్టుకున్నాడు.

"కేబుల్ మంచిగనే ఉన్నది తమ్మీ. తప్పు మీ నోట్సుల ఉన్నది," అంది అర్షియా. "నువ్వు ఒక్కసారి పంపితే అటు దిక్కు ఒక్కసారే అందుతదని ఎవరు చెప్పిండ్రు? ముక్కలు ముక్కలుగ వస్తది. ఎంత వచ్చిందో రిసీవ్ ఫంక్షనే చెప్తది, జర చూస్కోవాలె. మొత్తం వచ్చేదాక మళ్ళ మళ్ళ అడగాలె. సెండ్ సుత గంతే, ఎంత తీసుకున్నదో చెప్తది. ముందుగాల సందేశం పొడుగెంతో పంపాలె. లేకుంటే అయిపోయిందని అవతలోనికి ఎట్ల ఎరుక?"

ప్రోగ్రామును అక్కడే సరిచేసి మళ్ళీ పంపింది. పేజీలన్నీ జలజలా దిగాయి. ఈలలు పడ్డాయి. కౌంటర్ దగ్గర వరస మెట్ల దాకా పాకింది.

సోమవారం బోర్డు మీద పేరు: రవికాంత్ సార్, రియల్ టైమ్ ఫ్యాకల్టీ.

"గిదేంది సార్? మాటిచ్చిండ్రు గదా!"

"ఫీజు కట్టేవాళ్ళు సారెవరని అడిగారమ్మా."

"నేనని చెప్పొచ్చు గదా?"

జోగారావు ఫీజు రసీదులు లెక్కపెట్టడంలో పడ్డాడు. ఆమె తెలివి చూపించి జనాన్ని పోగేసినప్పుడు అడ్డురాని ఆడతనం, బోర్డు రాసేటప్పుడు అడ్డొచ్చింది!

రవికాంత్ ఏదో కంపెనీలో ఉద్యోగి; అమీర్‌పేట భాషలో రియల్ టైమ్ అంటే అదే. జిరాక్సు నోట్సు తెరిచాడు. ఒకే కంప్యూటర్. 'హలో' వెళ్ళింది, 'హలో' వచ్చింది.

"సార్, మేడమ్ గారు రెండు మెషీన్లు కలిపి చూపించారు కదండీ," అంది ముందు బెంచీలోని ఉదయలక్ష్మి. "పెద్ద మెసేజ్ సంగతి ఎప్పుడు చెబుతారండీ?"

"అవన్నీ ఇంటర్వ్యూలో అడగరు. రాసుకోండి."

వెనక నిలబడిన ల్యాబ్ అసిస్టెంట్ ముందుకొచ్చింది. డెమో నాటి తన కేబుల్ పీకి, చేతికి చుట్టుకుని, మెట్లు దిగింది.

"ఎక్కడికమ్మా? సాయంత్రం జావా డెమో ఉంది!" అని కౌంటర్ నుంచి జోగారావు అరిచాడు.

"మీ రియల్ టైమ్ సార్‌తోని చెప్పించుకోండి!"

సమద్ నెట్ సెంటర్లో పొద్దున పూట గిరాకీ ఉండదు. క్లాసు అక్కడే అనుకుని, అర్షియా అమీర్‌పేట గోడ మీద తన చేత్తో రాసిన కాగితం అంటించింది: 'సి, సాకెట్లు. చెప్పేది అర్షియా.' సాయంత్రానికి దాని మీద రవికాంత్ పోస్టర్ పడింది. మర్నాడు ఆమె మైదా జిగురు డబ్బా పట్టుకుని మళ్ళీ వచ్చింది. కాగితం కొస పట్టుకోవడానికి ఉదయలక్ష్మి వచ్చింది.

"మేడమ్ గారూ, మీ పేరు ఇంకొంచెం పెద్దగా రాయాల్సిందండీ."

"రేపు మళ్ళ కప్పుతరు గదా," అంది అర్షియా, జిగురు పూస్తూ. "రేపు ఇంకింత పెద్దగ రాద్దాం."