ఆయిల్ కలపని పెట్రోలు

నా చిన్నప్పుడు మేము బెంగళూరులో యలహంక పక్క ఒక వఠారంలో ఉండేవాళ్ళం. వరసగా ఆరు ఇళ్ళు, ఆరింటికీ కలిపి ఒకే కొళాయి, ఒకే వాకిలి. మా వాళ్ళది హిందూపురం దగ్గర పల్లె. మా నాయనకు అక్కడ చేనూ లేదు, ఇక్కడ అంగడీ లేదు. ఆయనకున్నదల్లా ఒక పాత మోటార్ సైకిల్. పొద్దున్నే ఒక వ్యాపారి దగ్గర పట్టు నూలు మూటలు బండికి రెండు వైపులా కట్టుకొని, దొడ్డబళ్ళాపురంలో మగ్గాలున్న ఇళ్ళకు చేర్చేవాడు. సాయంత్రం వాళ్ళు నేసిన చీరలు తెచ్చి వ్యాపారికి అప్పజెప్పేవాడు. బండి కదిలితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. ఇది ఊరికే అలంకారానికి అంటున్న మాట కాదు. బండి మొరాయించిన రోజు మా అమ్మ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి అడుగున ఎంతుందో చూసుకోవడం నేను ఎరుగుదును.

ఆ బండి గురించి ఒక్క సంగతి చెప్పాలి. ఇప్పటి పిల్లలకు ఇది తెలియదు. అప్పటి పాత బళ్ళలో చాలావాటికి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయాలి. ఇంజన్ లోపల రాపిడి లేకుండా కాపాడేది ఆ ఆయిలే. అది పెట్రోలుతో పాటు కాలి, వెనక గొట్టంలోంచి నీలం పొగగా వచ్చేది. మా నాయన బండి స్టార్ట్ చేస్తే వఠారంలో ఆరేసిన బట్టలన్నీ ఆ వాసన పట్టేవి. ఆడవాళ్ళు గొణుక్కుంటూ తలుపులు మూసుకునేవాళ్ళు.

మా పక్కింటి అన్నకు ఆఫీసు ఉద్యోగం. తొంభైల మొదట్లో ఆయన కొత్త రకం బండి కొన్నాడు. దానికి పొగ లేదు, పెట్రోల్లో ఆయిల్ కలిపే పని లేదు. ఆయన ఆ రెండు మాటలూ రోజుకు పదిసార్లు, ఎవరు అడిగినా అడక్కపోయినా చెప్పేవాడు. నాకు పదకొండేళ్ళు. మా నాయన నన్ను బడి దగ్గర దింపినప్పుడు మా తరగతి ఆడపిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. నన్ను పొగబండి అని పిలిచేవాళ్ళు. క్లాసులో మొదటి ర్యాంకు నాది, అయినా నా పేరు పొగబండి. నాకు కడుపు మండేది. మా నాయన మీద కాదు, ఆ పొగ మీద. ఆయిల్ వల్లే కదా పొగ, పక్కింటి అన్న ఆయిల్ పోయడు కాబట్టే కదా ఆయన బండికి పొగ లేదు, అని నా బుర్రకు తోచింది. ర్యాంకులు తెచ్చుకునే బుర్ర మరి.

ఒక ఆదివారం మా నాయన జ్వరంతో పడుకొని ఉన్నాడు. ట్యాంకు ఎండిపోయింది, మర్నాడు పొద్దున్నే మూటలు ఎత్తాలి. నన్ను పిలిచి, క్యాను చేతికిచ్చి, బంకుకు పోయి రెండు లీటర్లు పట్టించుకు రమ్మన్నాడు. "ఆయిల్ మరిచిపోవద్దు పాపా" అన్నాడు. నేను మరిచిపోలేదు. మరిచిపోలేదన్న ఆ ముక్క తర్వాత ఎన్నిసార్లు నాలో నేను అనుకున్నానో లెక్కలేదు. బంకులో మనిషి "ఆయిల్ హాకలా?" అని కన్నడంలో అడిగాడు, పొయ్యమంటావా అని. నేను "బేడ" అన్నాను. వద్దు అన్నాను. ఇంటికొచ్చి నేనే గరాటు పెట్టి పెట్రోలు ట్యాంకులో పోశాను. మిగిలిన చిల్లర అమ్మ చేతికిస్తే, ఎంతకెంత అని కూడా అడక్కుండా డబ్బాలో వేసుకుంది. మా ఇంట్లో నా మీద అంత నమ్మకం.

సోమవారం పొద్దున పొగ నిజంగానే పలచగా వచ్చింది. నేను గడప మీద నిలబడి మురిసిపోయాను. మా నాయన జ్వరం తేరుకున్న మొహంతో, తలగుడ్డ కట్టుకుంటూ, "ఏందిది, ఈ పొద్దు మర్యాదగా ఉండాదే ఇది" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ బండి మీద ఆయన నవ్వుతూ వెళ్ళడం చూసింది అదే ఆఖరు.

దొడ్డబళ్ళాపురం దారిలో రాజానుకుంటె దాటాక, మూటల బరువుతో మిట్ట ఎక్కుతుండగా, ఇంజన్ పట్టేసింది. ఉన్నట్టుండి వెనక చక్రం బిగుసుకుపోతే మనిషి, మూటలు, బండి అన్నీ రోడ్డు మీద పడ్డాయి. వెనక వస్తున్న లారీ పక్కకు తిప్పుకోబట్టి ప్రాణం దక్కింది. మోచెయ్యి, మోకాలు చర్మం లేచిపోయాయి. నూలు మూటలు ఎవరో టెంపోవాళ్ళను బతిమాలి పంపించి, తను ఆ బండిని తోసుకుంటూ సాయంత్రానికి ఇల్లు చేరాడు. ఆ రోజు మా అమ్మ ఏడుస్తూ గాయాలు కడుగుతుంటే, నాకు ఇంకా అర్థం కాలేదు. పొగకూ పడటానికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు.

మర్నాడు తట్టింది. మా వీధి చివర ఒక రేకుల షెడ్డు ఉండేది. దాని యజమానిని పిల్లలందరం మెకానిక్ తాత అనేవాళ్ళం. ఆయనదీ మా పక్కే, మడకశిర. మా నాయన ఆయన్ను మామా అని పిలిచేవాడు. ఆ బండి కొన్నప్పటి నుంచి దాని మీద వేరే చెయ్యి పడలేదు. బడికి పోతూ నేనూ షెడ్డు దగ్గర నిలబడ్డాను. తాత ఇంజన్ మూత విప్పి, పిస్టన్ బయటికి తీసి చూశాడు. దాని ఒంటి నిండా పిల్లి రక్కినట్టు గీతలు. తర్వాత ట్యాంకులో మిగిలిన పెట్రోలు వేళ్ళకు అంటించుకుని రుద్ది చూసుకున్నాడు, వాసన చూశాడు. పెట్రోలు ఎవరు పట్టించారని మా నాయనను అడిగాడు. మా పాప తెచ్చింది, దానికి ఒకసారి చెప్తే చాలు అన్నాడు మా నాయన, ఆ గాయాల చేత్తోనే నా జడ సవరిస్తూ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను అక్కడికక్కడే తల దించేశాను. మా నాయన చూడలేదు. తాత చూశాడు.

ఆయన ఆ పెట్రోలంతా ఒక డబ్బాలోకి వంపేసి, అందులోనే సామాన్లు కడగడం మొదలుపెట్టాడు. "ఇంజన్‌కు వయసైపోయిండాదప్పా. ఏం చేస్తావు, రెండు దినాలు ఆలోచించుకో" అన్నాడు.

సాయంత్రం బడి నుంచి వస్తుంటే నన్ను షెడ్డులోకి పిలిచి, చేతిలో బెల్లం మిఠాయి పెట్టి, కూర్చోబెట్టాడు. ఎందుకు చేశావని అడగలేదు, తిట్టలేదు. "నేను చెప్తే అది చాడీ అయితాది. నువ్వు చెప్తే నిజమైతాది. నీకు రెండు దినాలు టైమ్ ఇప్పించినాను. మీ నాయనకు నువ్వే చెప్పు తల్లీ" అన్నాడు. ఆయన అబద్ధం ఎందుకు ఆడాడో నాకు అప్పుడు తెలిసింది. నా తప్పు నా నోటితోనే బయటికి రావాలని, అందరి ముందు నేను దొంగలా నిలబడకూడదని. అంత దయ నా మీద అంతవరకు ఎవరూ చూపించలేదు. ఆ దయే మా కొంప ముంచింది.

ఎందుకంటే ఇంజన్ గురించి తాత అన్న ఆ ఒక్క మాట మీదే మా ఇంట్లో అంతా తేలాలి. ఆయిల్ లేక పట్టేసిన ఇంజనైతే లోపలి గీతలు పోయేలా సిలిండర్ బోర్ చేయించి కొత్త పిస్టన్ వేస్తే మళ్ళీ పరిగెత్తుతుంది. వయసైపోయిన ఇంజనైతే ఈ రోజు బాగు చేయించినా రేపు మళ్ళీ పట్టేస్తుంది. బాగు చేయించడమా, ఉన్నపళంగా అమ్మేసుకోవడమా. మా నాయన గోడకు ఆనుకుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఇదే ఆలోచించేవాడు. ఆయన భయం ఒక్కటే, మళ్ళీ మిట్ట మీద పట్టేస్తే, ఈసారి వెనక లారీవాడు తిప్పుకోకపోతే. మా అమ్మ అమ్మేయమంది. బండి లేకపోతే నూలు పని పోతుంది కదా అంటే, మనిషి ఉంటే చాలు అంది. నేను నాలుగడుగుల దూరంలో పుస్తకం తెరిచి కూర్చొని ఉండేదాన్ని. ఒక్క మాట. ఆయిల్ నేనే వద్దన్నాను నాయనా, బండికి ఏమీ కాలేదు, అని ఒక్క మాట. రెండు రోజులూ అది చెప్పాలని పుస్తకం మూసేదాన్ని, ఆయన మోచేతి కట్టు చూడగానే మళ్ళీ తెరిచేదాన్ని.

మూడో రోజు పొద్దున తాత మా ఇంటికి వచ్చాడు. నా మొహం చూసి నేను చెప్పలేదని తెలుసుకున్నాడు. మా నాయనతో, ఇంకోసారి బాగా చూశాను, ఇంజన్ గట్టిదే, చేయిద్దాం, నిలుస్తుంది, నాదే హామీ అన్నాడు. మా నాయన కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని నిటారుగా కూర్చున్నాడు.

"మొన్న వయసైపోయిండాదంటివి. ఇప్పుడు గట్టిదంటా ఉండావు. నీ షెడ్డుకు పని కావాలంటే ఆ మాటే చెప్పు మామా, నా ప్రాణంతో వ్యాపారం చేయొద్దు."

తాత మొహం ఎలా అయిందో నేను చూశాను. తెల్లారితే కలిసి టీ తాగే మనుషులు వాళ్ళు. అప్పుడైనా ఆయన నిజం చెప్పేసి ఉండొచ్చు. కానీ ఆ నిమిషంలో నన్ను చూపించి ఇదిగో దీని పని అంటే, తన మాట నిలబెట్టుకోవడానికి పసిపిల్ల మీదికి తోసినట్టే ఉంటుంది. ఆయన నా వైపు చూశాడు. ఇప్పుడు చెప్పు అన్నట్టే చూశాడు. నేను పుస్తకంలోకి తల దించుకున్నాను. ఏ పుటో నాకు కనిపించలేదు. ఆయన భుజాన టవల్ వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఆ వారంలోనే బండిని ఒక పాలాయన కొనుక్కున్నాడు. ఇంజన్ విప్పిన సామాన్లు గోనెసంచిలో వేసి, బండిని ఆటోలో ఎక్కించి తీసుకుపోయాడు. వ్యాపారి నూలు పని ఇంకొకరికి ఇచ్చేశాడు. మా నాయన బట్టల ఫ్యాక్టరీలో పెట్టెలు ఎత్తే పనికి చేరాడు. సొంతంగా తిరిగే మనిషి, బెల్లు కొడితే లోపలికి, బెల్లు కొడితే బయటికి. ఇంటికొచ్చి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చునేవాడు.

దాన్ని కూడా అలవాటు చేసుకునేవాడేమో. కానీ ఆరు నెలలకు ఆ పాలాయన అదే బండి మీద, రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని, మా వీధిలోనే తిరగడం మొదలుపెట్టాడు. పిస్టన్ మార్పించాడట, అంతే. అది ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, నేను కాలేజీ దాటే వరకు తిరిగింది. బస్సు కోసం నిలబడిన మా నాయన ముందు నుంచే పొగ వదులుతూ పోయేది. మొదటిసారి చూసిన రోజు ఇంటికొచ్చి అమ్మతో చెప్పాడు. "ఎంత బాగా పోతా ఉండాదే! నాకే తెలీలేదు."

తాత మీద కోప్పడలేదు. తననే తిట్టుకున్నాడు. పదేళ్ళు తోలిన బండి సంగతే తెలియని వాణ్ణి అనేది ఆయనకు ఊతపదం అయిపోయింది. ఫ్యాను కొనాలన్నా పక్కింటివాళ్ళను అడిగేవాడు. నన్ను ఏ కోర్సులో చేర్పించాలన్నా, నాకేం తెలుసమ్మా అనేవాడు. ఒకప్పుడు నూలు వేళ్ళ మధ్య నలిపి అది ఏ రకమో చెప్పిన మనిషి, మార్కెట్లో బెండకాయలు విరిచి చూసి కూడా మా అమ్మ మొహం వైపు తిరిగేవాడు. నా వల్ల పోయింది బండి అనుకున్నాను చాలా ఏళ్ళు. కాదు, పోయింది ఇది. తాత షెడ్డు మూసేసి ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు మా నాయన కనీసం వీధి చివరికి కూడా పోలేదు. ఆ రోజైనా చెప్పానా? లేదు.

నాకు ఉద్యోగం వచ్చాక చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఒక ఆదివారం ఆయన పక్కన కూర్చొని, పొగబండి అని పిల్లలు ఏడిపించడం దగ్గర నుంచి బంకులో బేడ అనడం వరకు, తాత పెట్టిన మిఠాయితో సహా మొత్తం చెప్పి ఏడ్చాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. ఆయన అంతా విని, నా తల మీద చెయ్యి వేశాడు.

"నన్ను ఓదార్చేదానికి ఇంత కథ కట్టినావా తల్లీ. పోనీలే. నువ్వట్లా చేసే పిల్లవి కాదు."

నేను ఒట్టు పెట్టాను. ఆయన నవ్వాడు. తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పాను. చెప్పినకొద్దీ, తన మీద నాకున్న ప్రేమకు మురిసిపోయాడే తప్ప నమ్మలేదు. మూడో రోజు తాత చెప్పిన నిజం వ్యాపారంలా వినిపించింది, పదిహేనేళ్ళకు నేను చెప్పిన నిజం ఓదార్పులా వినిపించింది.

మా నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నా తలా నెరిసింది. మా ఇంట్లో పిల్లలు ఏదైనా పగలగొట్టి గోడ పక్కన నిలబడితే, నేను వాళ్ళను కాపాడను. ఈ పూటే చెప్పు, నీ మాట నమ్మే పూటే చెప్పు అని తరుముతాను. కఠినురాలినని మా వాళ్ళంటారు, అననీ. మా నాయన తనకు తన బండి తెలియదనుకుంటూనే కన్ను మూశాడు. ఆయనకు తెలుసు. ఆ సోమవారం పొద్దున స్టార్ట్ చేయగానే, ఏందిది అని అడిగింది ఆయనే. వాకిట్లో జవాబు తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే ఉన్నాను, నవ్వుతూ చెయ్యి ఊపాను.